పదమూడు నిమిషాలకు ఐదు నిమిషాల జవాబు

అమెరికా హైస్కూళ్ళలో పాలసీ డిబేట్ అని ఒక పోటీ ఉంది. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు పిల్లలు కూర్చుని ఒక ప్రభుత్వ విధానం మంచిదా కాదా అని వాదించుకుంటారు. నలుగురికీ తలా 8 నిమిషాల ప్రసంగం, తలా 5 నిమిషాల ప్రతివాదం. పెద్ద ప్రసంగం అయిన ప్రతిసారీ 3 నిమిషాలు ప్రశ్నలు. లెక్క సమానంగానే కనిపిస్తుంది కానీ నడిమధ్యలో ఒక మెలిక ఉంది. మొదటి మాటా చివరి మాటా అనుకూల పక్షానిదే కాబట్టి, దానికి విరుగుడుగా వ్యతిరేక పక్షానికి మధ్యలో రెండు ప్రసంగాలు వరసగా ఇచ్చారు. 8 నిమిషాలది ఒకటి, కాసిన్ని ప్రశ్నలయ్యాక 5 నిమిషాలది ఇంకొకటి. మొత్తం 13 నిమిషాలు. ఆ 13 నిమిషాలకూ అనుకూల పక్షం నుంచి ఒక్క అమ్మాయో అబ్బాయో లేచి 5 నిమిషాల్లో జవాబు చెప్పుకోవాలి. చెప్పకుండా వదిలేసిన వాదన ఒప్పుకున్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఇక్కడ మౌనం పూర్తి అంగీకారం.

ఆ 5 నిమిషాల ప్రసంగాన్ని పిల్లలు వన్ ఏ ఆర్ అంటారు. దాన్ని ఇచ్చే వంతు తనకు రాకూడదని దణ్ణం పెట్టుకునేవాళ్ళు ప్రతి జట్టులోనూ ఉంటారు. వక్తృత్వం నేర్పే పద్ధతుల్లో ఇంత నేర్పుగా చెక్కిన పని నాకు ఇంకొకటి కనబడలేదు. ఈ ప్రసంగం తయారయ్యేది బడిలో కాదు, పోటీ వేదిక మీద అసలే కాదు. వేసవిలో, విద్యార్థులు ఖాళీ చేసి వెళ్ళిన యూనివర్సిటీ హాస్టళ్ళలో, డిబేట్ క్యాంపుల్లో.

ఈ క్యాంపులు నిన్న మొన్న పుట్టినవి కావు. హైస్కూలు వక్తలకు జాతీయ సంఘం 1925లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిపన్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. ఆరేళ్ళకు, 1931లో, చికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ హైస్కూలు పిల్లల కోసం వేసవి ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. అక్కడికి వచ్చే పిల్లల్ని నేటికీ చెరబ్స్ అనే పిలుస్తారు. తరవాత మిషిగన్, డార్ట్‌మత్, అట్లాంటాలోని ఎమరీ, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ, ఇంకా ఎన్నో ఈ పనిలోకి దిగాయి. రెండు మూడు వారాల క్యాంపులు ఎక్కువ, మిషిగన్‌లో ఏడు వారాలది కూడా ఉంది. పిల్లల్ని ల్యాబులుగా విడగొడతారు. ఒక్కో ల్యాబుకు ఇద్దరో ముగ్గురో నాయకులుంటారు. పేరున్న కోచ్‌లు కొందరు, నిరుడు మొన్నటి దాకా తామే పోటీల్లో తిరిగిన కాలేజీ పిల్లలు కొందరు. పాఠం చెప్పేవాడికీ వినేవాడికీ నాలుగేళ్ళే తేడా ఉండడం ఈ పద్ధతికి పెద్ద బలం అనిపిస్తుంది. ఎక్కడ తడబడతారో వాళ్ళకు గుర్తుంటుంది మరి.

వేసవే ఎందుకంటే, పాలసీ డిబేట్‌లో ఏడాది పొడుగునా దేశమంతటికీ ఒకటే అంశం. రాష్ట్రాల సంఘాలు ఓటు వేసి ఎంచుకున్న అంశాన్ని ముందే ప్రకటిస్తారు. 2024–25లో కాపీరైట్లు, పేటెంట్లు, ట్రేడ్‌మార్కులకు రక్షణ పెంచాలా అన్నది. 2025–26లో ఆర్కిటిక్ ప్రాంతంలో అమెరికా అన్వేషణ, అభివృద్ధి బాగా పెంచాలా అన్నది. జూన్‌లో ఆర్కిటిక్ అంటే మంచు అని మాత్రమే తెలిసిన పదహారేళ్ళ పిల్ల ఆగస్టుకు అక్కడి నౌకామార్గాల గురించి, ఖనిజాల గురించి, స్థానిక తెగల హక్కుల గురించి రెండు వైపుల నుంచీ వాదించగలదు. రెండు వైపులన్నది ఇక్కడ గట్టిగా చెప్పాలి. పొద్దున అనుకూలం, మధ్యాహ్నం వ్యతిరేకం. సొంత అభిప్రాయాన్ని ఎవరూ అడగరు.

పనిముట్లలో మొదటిది కార్డు. ఒక వ్యాసం నుంచో నివేదిక నుంచో తీసుకున్న పేరా అది. పైన ఆ పేరా ఏం రుజువు చేస్తుందో ఒక్క వాక్యంలో రాస్తారు, దాన్ని ట్యాగ్ అంటారు. దాని కింద రచయిత పేరు, అర్హత, తేదీ, ఎక్కడ అచ్చయింది. ఆ కింద అసలు పాఠం. చదవబోయే ముక్కల మీద రంగు పూస్తారు. మిగిలిన పాఠాన్ని మాత్రం చెరిపెయ్యకూడదు, చిన్న అక్షరాల్లోనైనా అలాగే ఉంచాలి. రచయిత ‘కాదు’ అన్న చోట ‘కాదు’ను వదిలి చదివితే అవతలి జట్టు కాగితం తిప్పి చూపిస్తుంది, రౌండు అక్కడితో పోతుంది. పదేళ్ళ పిల్లలకు కూడా కాపీ పేస్ట్ వచ్చిన ఈ కాలంలో, మూలపాఠం పక్కనే కనబడేట్టు పెట్టి మరీ వాదించే ఈ అలవాటు మన పత్రికలవాళ్ళకూ ఉంటే బాగుండు. ఒకప్పుడు ఇవి నిజంగానే అట్టకార్డుల మీద అతికించిన కత్తిరింపులు. పెద్ద ప్లాస్టిక్ టబ్బుల నిండా కాగితాలు నింపి, తోపుడు బండ్ల మీద వేసుకుని పోటీలకు వెళ్ళేవారు. లాప్‌టాప్‌లు వచ్చి టబ్బులు పోయాయి, కార్డు అన్న పేరు మాత్రం ఉండిపోయింది.

రెండోది ఫ్లో. లాప్‌టాప్ యుగంలో కూడా చాలామంది కోచ్‌లు దీన్ని కాగితం మీదే నేర్పిస్తారు. లీగల్ సైజు పొడవాటి కాగితం, రెండు రంగుల పెన్నులు. ఒక్కో వాదనకు ఒక్కో కాగితం. నిలువునా గడులు, ఒక్కో ప్రసంగానికి ఒక్కో గడి. మన మాట ఒక రంగు, వాళ్ళ మాట ఇంకో రంగు. అవతలివాళ్ళు ఏం చెబితే అది, మనం ముందు చెప్పిన మాటకు సరిగ్గా ఎదురుగా రాయాలి. పెరుగుదలకు పైకి బాణం, తగ్గుదలకు కిందికి బాణం, దేశాలకూ సంస్థలకూ సొంత పొడి అక్షరాలు. రౌండు అయ్యేసరికి కాగితం అడ్డంగా చదువుకుంటూ పోతే ఒక్కో వాదన పుట్టి పెరిగిన కథంతా ఒక్క వరసలో కనిపిస్తుంది. వరసలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఎవరో జవాబు చెప్పలేదన్నమాట. అష్టావధానం చూసినవారికి ఈ విద్య కొంత పరిచయమే. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులకు లాగుతుంటే ఎవరి పద్యం ఎక్కడ ఆగిందో అవధాని గుర్తుంచుకుని చివర్లో ధారణ చేస్తాడు. అవధానికి కాగితం లేదు, ఈ పిల్లలకు కాగితమే ధారణ. క్యాంపులో మొదటి వారం చాలామంది కష్టపడేది మాట్లాడడానికి కాదు, ఈ రాయడానికే. అవతలి మనిషి మాట్లాడుతున్నప్పుడు తన జవాబు ఆలోచించుకోకుండా, చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం ఎంత కష్టమో ఒక్కసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది.

వేగం సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. పై స్థాయి పాలసీ డిబేట్‌లో నిమిషానికి 300 పైచిలుకు మాటలు చదువుతారు. మామూలుగా మాట్లాడుకునే దానికి దాదాపు రెట్టింపు. కొత్తగా విన్నవాళ్ళకు వేలంపాటలా ఉంటుంది, ఊపిరి పీల్చే చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. దీనికి క్యాంపుల్లో కసరత్తులున్నాయి. పెన్ను పళ్ళ మధ్య అడ్డంగా పెట్టుకుని చదవడం, పేరాను చివరి మాట నుంచి వెనక్కి చదవడం, మాటకూ మాటకూ మధ్య సంబంధం లేని ఒక మాట ఇరికించి చదవడం. నాలుక తిరగడానికి ఇవి మంచి కసరత్తులే, ఆ మేరకు మెచ్చుకుంటాను. కానీ ఆ వేగాన్ని నేను ఇష్టపడలేను. మామూలు పౌరుడికి అర్థం కాని వాదన ఎవరిని ఒప్పించడానికి? ఈ మాట అక్కడివాళ్ళూ చాలాకాలంగా అంటున్నారు. 2002లో పబ్లిక్ ఫోరమ్ అనే కొత్త పోటీ వచ్చింది, డిబేట్ తెలియని పెద్దమనిషి జడ్జిగా కూర్చున్నా అర్థమయ్యేట్టు మాట్లాడాలన్న ఉద్దేశంతో. మొదట్లో దాన్ని సీఎన్‌ఎన్ స్థాపించిన టెడ్ టర్నర్ పేరుతో పిలిచేవారు. ఈ వేగపు ప్రపంచంలోనే పెరిగి, 1997లో జాతీయ వక్తృత్వ పోటీ గెలిచిన బెన్ లెర్నర్ పెద్దయ్యాక ‘ది టొపీకా స్కూల్’ అనే నవల రాశాడు. 2019లో వచ్చిన ఆ పుస్తకంలో ఈ వేగం మీద మోజూ చిరాకూ రెండూ ఉన్నాయి.

ఇక అసలు పనికి వద్దాం. క్యాంపులో రీడూ అనే అభ్యాసం ఉంటుంది. ప్రాక్టీసు రౌండు అయిపోయింది, వన్ ఏ ఆర్ ఇచ్చిన అమ్మాయి తన ఫ్లో కాగితాలు ముందు పెట్టుకుని అదే ప్రసంగం మళ్ళీ ఇస్తుంది. కొత్త విషయం ఏమీ ఉండదు. అవే వాదనలు, అవే కార్డులు, అదే 5 నిమిషాలు. ల్యాబు నాయకుడు గడియారం పట్టుకుని కూర్చుంటాడు. రెండో వాక్యానికే ఆపేస్తాడు. “మొదటి నుంచి.” మళ్ళీ ఆపేస్తాడు. కొందరు 5 నిమిషాలను 4కు కుదించి చెప్పిస్తారు, ఆ తరవాత 5 ఇస్తారు. అప్పుడు ఆ ఒక్క నిమిషం ఎంత పెద్దదో పిల్లలకు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ కట్టుకుందాం. అంశం ఆర్కిటిక్. అనుకూల పక్షం వాదన: అమెరికా మంచు చీల్చే నౌకలు ఇంకా కట్టాలి. ఇది గాలిలోంచి తెచ్చిన వాదన కాదు, అమెరికా తీర రక్షక దళంలోని భారీ నౌక పోలార్ స్టార్ 1976లో పనిలోకి దిగినది. ప్రపంచంలో ఇలాంటి నౌకలు అందరికన్నా ఎక్కువ ఉన్నది రష్యాకు, వాటిలో అణుశక్తితో నడిచేవీ ఉన్నాయి. వ్యతిరేక పక్షం ఏమంటుందంటే, అమెరికా నౌకలు దింపితే రష్యా రెచ్చిపోతుంది, ఉద్రిక్తత పెరుగుతుంది. ఆ ఒక్క వాదన మీదే వాళ్ళ 5 నిమిషాల ప్రసంగం మొత్తం నడిచింది, ఆరు పాయింట్లు పెట్టారు. దీనికి వన్ ఏ ఆర్‌లో దొరికేది మహా అయితే నిమిషంపావు. మిగతా సమయం మిగతా కాగితాలకు కావాలి.

మొదటిసారి ఆ అమ్మాయి ఇలా చెబుతుంది అనుకోండి. “అవతలి పక్షం వాళ్ళు ఏమంటున్నారంటే, మనం గనక ఈ మంచు చీల్చే నౌకలు కడితే రష్యాకి కోపం వచ్చి ఉద్రిక్తత పెరుగుతుందని అంటున్నారు. కానీ మా భాగస్వామి ఇందాక తన ప్రసంగంలో చెప్పినట్టుగా, రష్యా దగ్గర ఇప్పటికే చాలా నౌకలు ఉన్నాయి కాబట్టి మనం కొత్తగా కట్టినా వాళ్ళకి పెద్దగా తేడా ఏమీ ఉండదని మేము నమ్ముతున్నాం.” తప్పేమీ లేదు, మర్యాదగానే ఉంది. కానీ 41 మాటలయ్యాయి, అవతలివాళ్ళ ఆరు పాయింట్లలో ఒక్కదానికి జవాబు వచ్చింది. అదీ ఏ పాయింటుకో జడ్జికి తెలియదు.

నాలుగైదు రీడూల తరవాత అదే చోట ఈ మాటలుంటాయి. “రష్యా ఉద్రిక్తత. వాళ్ళ ఒకటి, మూడు, ఐదు కలిపి చూడండి. మూడూ రష్యా ఇప్పుడు ఊరుకుందనే అనుకుంటున్నాయి. ఊరుకోలేదు. మా రెండో జవాబు చూడండి, దానికి బదులే రాలేదు.” మాటలు దాదాపు సగానికి తగ్గాయి. ఒక్క పాయింటు బదులు మూడింటికి జవాబు వచ్చింది. మొదటి మాటతోనే జడ్జి సరైన కాగితం తీసుకున్నాడు. ‘ఏమంటున్నారంటే’ పోయింది, ‘చెప్పినట్టుగా’ పోయింది, ‘మేము నమ్ముతున్నాం’ పోయింది. అవతలివాళ్ళ వాదనను వాళ్ళకన్నా బాగా తానే చెప్పిపెట్టడం మానేసింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మూడు పాయింట్లూ లోపల ఒకే ఊహ మీద నిలబడ్డాయని కనిపెట్టింది. మాటలు తగ్గించే నేర్పు నోటిది అనుకుంటాం కానీ, ఇక్కడ తగ్గింది ముందు కాగితం మీద, ఫ్లోలో మూడు గడులను కలుపుతూ గీసిన ఒక గీతలో. గీత పడ్డాక వాక్యం దానంతటదే కుదురుకుంది.

ఇంకా పై మెట్టు ఒకటుంది. వ్యతిరేక పక్షంలో ఒక పిల్లవాడు తన 8 నిమిషాల్లో, నౌకలు కట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, వాటివల్ల లాభం ఇప్పట్లో రాదు అన్నాడు. అతని తరవాత భాగస్వామి తన 5 నిమిషాల్లో, రష్యా వెంటనే రెచ్చిపోతుంది అంది. ఇద్దరూ చక్కగా మాట్లాడారు, కానీ వేరువేరు కాగితాల మీద. నేర్పున్న వన్ ఏ ఆర్ వక్త ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడుతుంది. “నౌకలు ఆలస్యంగా వస్తాయన్నారు, ఒప్పుకుంటాం. రాని నౌకలను చూసి రష్యా వెంటనే రెచ్చిపోదు.” అంతే, 5 నిమిషాల వాదనకు పది మాటల్లో పెద్ద గండి. అయితే ఇది ఊరికే దొరికింది కాదు. ఆలస్యాన్ని ఒప్పుకున్నందుకు తన పక్షం చెప్పుకున్న లాభాలకూ కొంత దెబ్బ తగిలింది. ఎంత పోగొట్టుకుని ఎంత సంపాదించిందో నిలబడి మాట్లాడుతూనే తూచుకోవాలి. ఏ మాట వదులుకోవచ్చో తెలియని వాదకుడు అన్నీ పోగొట్టుకుంటాడని లాయర్లు పదేళ్ళ ప్రాక్టీసు మీద నేర్చుకుంటారు. ఈ పిల్లలు పదహారేళ్ళకు ఆ సంగతి చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

ఈ 5 నిమిషాల మీద ఇంకో భారం కూడా ఉంది. తరవాత చివర్లో తన భాగస్వామి ఇచ్చే ప్రసంగంలో కొత్త వాదనకు చోటు లేదు. వన్ ఏ ఆర్‌లో ఒక్క ముక్కయినా వినబడిన దాన్నే అతను పెంచి చెప్పగలడు. కాబట్టి ఇక్కడి వాక్యాలు పొట్టిగా ఉంటే చాలదు, భాగస్వామి పట్టుకుని విప్పుకోవడానికి వీలుగా ఉండాలి. అవార్డు పట్టుకునేది చాలాసార్లు ఆ చివరి వక్త. మంచి జడ్జి మాత్రం తీర్పు చెప్పేటప్పుడు రౌండు ఎక్కడ నిలిచిందో వన్ ఏ ఆర్ దగ్గర వేలు పెట్టి చూపిస్తాడు. పాలసీ డిబేట్‌లో జడ్జి తీర్పుతో పాటు కారణం కూడా అక్కడికక్కడే నోటితో చెప్పడం మామూలు. ఓడిన పిల్లలు ప్రశ్నలు వేస్తారు, జడ్జి తన ఫ్లో చూపించి జవాబు చెప్పుకోవాలి. ఆ కాసేపూ మరో పాఠం.

ఇదంతా వాదానికి సంబంధించినది. ఇదే వేసవిలో ఒంటరి వక్తలకు వేరే శిక్షణ ఉంటుంది. ఎక్స్‌టెంప్ అనే పోటీలో మూడు ప్రశ్నలు ఇస్తారు, ఒకటి ఎంచుకోవాలి. 30 నిమిషాల్లో సిద్ధమై, 7 నిమిషాలు మాట్లాడాలి. ఒక పాయింటు నుంచి మరో పాయింటుకు వెళ్ళేటప్పుడు రెండడుగులు పక్కకు నడవడం దగ్గర నుంచి నేర్పుతారు. ఆ నడక కొందరిలో కవాతులా ఉండి నవ్వు తెప్పిస్తుంది కానీ, వినేవాడికి పేరా మారిందని చెప్పడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు. ఒరిజినల్ ఆరటరీలో పిల్లలు తామే రాసుకున్న 10 నిమిషాల ప్రసంగాన్ని కంఠస్థం చేసి చెబుతారు. అరువు మాటలు 150 దాటకూడదు. 2022లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన కెటాంజీ బ్రౌన్ జాక్సన్ మయామీ ప్రాంతంలోని హైస్కూల్లో ఈ పోటీల్లోనే పెరిగారు. తన భవిష్యత్తుకు తనను అన్నిటికన్నా బాగా సిద్ధం చేసింది ఆ అనుభవమేనని ఆవిడ బహిరంగంగానే చెప్పారు.

లోపం లేదని కాదు. ఈ క్యాంపులకు వేల డాలర్లవుతాయి, ఉన్నవాళ్ళ పిల్లలకే ముందు అందుతాయి. ఈ సంగతి గుర్తించి 1985లో ఎమరీ యూనివర్సిటీ డిబేట్ బృందం అట్లాంటా ప్రభుత్వ బడులతో కలిసి పని మొదలుపెట్టింది. దాని నుంచే చికాగో, న్యూయార్క్, బాల్టిమోర్ లాంటి నగరాల్లో అర్బన్ డిబేట్ లీగ్‌లు వచ్చాయి. ఇంకో మంచి పని కూడా జరిగింది. వేసవిలో క్యాంపులు తయారుచేసిన కార్డుల దస్త్రాలను కోచ్‌ల సంఘం ఓపెన్ ఎవిడెన్స్ పేరుతో ఎవరైనా ఉచితంగా తీసుకునేట్టు పెట్టింది. దాంతో కాగితాల సంపద అందరిదీ అయింది. పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి అనే మనిషి మాత్రం ఇంకా అందరికీ దొరకడం లేదు.

టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లోని తెలుగు ఇళ్ళకు ఈ డిబేట్ కొత్త కాదు, స్పెల్లింగ్ బీ పక్కన అదీ చేరింది. ఇక్కడ మన బళ్ళలో ఆగస్టు 15కి వక్తృత్వ పోటీ పెడతాం. మాస్టారు రాసిచ్చిన 5 నిమిషాల ప్రసంగాన్ని పిల్లవాడు బట్టీపట్టి చెబుతాడు, చప్పట్లు కొడతాం, తరవాతి పిల్లవాడు వస్తాడు. ముందువాడు ఏం చెప్పాడో వెనకవాడికి అక్కర్లేదు. తెలుగు, సోషల్ మాస్టార్లకు నా మనవి ఒక్కటే. ఆ పోటీని ఆపొద్దు. దానికి తోడు, ముందు మాట్లాడిన పిల్లవాడికి జవాబుగా 2 నిమిషాల ప్రసంగం ఒకటి పెట్టండి. అయిపోయాక అదే జవాబును ఇంకోసారి చెప్పించండి. దీనికి ఖర్చు ఒక పొడవాటి కాగితం, రెండు రంగుల పెన్నులు.